సెలవు దొరకని మాలీ

గద్వాలలో దొరసాని మేడ తోటకు మాలీగా ఉన్న ఇరవై ఏండ్లూ ఇమామ్ సాహెబ్‌ది ఒకటే అలవాటు. తెల్లవారి నమాజు ముగించుకొని తోటకు వచ్చేవాడు. బావి దగ్గర మళ్లీ చేతులు కడుక్కొని, పూజకు నందివర్ధనాలు కోసి, మోదుగాకు దొప్పలో పెరటి మెట్టు మీద పెట్టి పక్కన నిలబడేవాడు. దొరసాని వచ్చి దొప్ప అందుకొని, "మంచిది సాబూ, పోయిరా" అనేది. ఆమె ఆ మాట అననిదే ఎవరూ మెట్టు దగ్గరి నుంచి కదలరాదు. అది ఆ ఇంటి మర్యాద. రంజాను నెలంతా పొద్దుగూకేవేళకు దొరసాని ఆయన గుడిసెకు పాలు పంపేది.

ఒక ఎండాకాలం ఆయనకు ఒళ్లు తెలియని జ్వరం వస్తే, కూతురు జైనబ్ బండిలో వేసుకొని మానవపాడుకు తీసుకుపోయింది. మూడు నెలలకు లేచి కూర్చునేసరికి దొరసాని కాలం చేసిందన్నారు. అన్నం ముందు కూర్చున్నా ఆయనది అదే మాట: "అమ్మతోని చెప్పకుంటనే వచ్చిన."

కాళ్లకు సత్తువ రావడానికి ఏడాది పట్టింది. రాగానే గద్వాలకు బయలుదేరాడు. మేడను జనం చూసిపోయే ఇల్లుగా చేశారట వారసులు. దొరసాని పట్టెమంచం ముందరి సావడిలో ఉంది, చుట్టూ తాడు. ఆమె తాగే చెంబు అద్దాల పెట్టెలో ఉంది. పూజగదిలో దేవుళ్లున్నారు, దీపం లేదు. ఇల్లు అదే, ఆయనకు మాత్రం ఎటు తిరగాలో తోచలేదు.

తోటలోకి వచ్చాక చేతులు వాటంతటవే కడుక్కున్నాయి. నాలుగు పూలు కోశాడో లేదో, కాపలా కురుమూర్తి ఉరికొచ్చాడు.

"ఏ తాతా! తెంపొద్దని పలక కట్టినం, కనవడ్తలేదా?"

"కనవడ్తున్నది కొడుకా, సదువు రాదు. గీ చెట్లు నేను పెట్టినయే."

కురుమూర్తి మెత్తబడి, తన ముంతలో నీళ్లు తెచ్చి ఇచ్చాడు.

పూలదొప్ప మెట్టు మీద పెట్టి నిలబడ్డాడు ఇమామ్ సాహెబ్. పొద్దు వాలింది. చూడవచ్చినవాళ్లంతా వెళ్లిపోయారు.

"నువ్వేంది తాతా గిట్ల నిలవడ్డవ్? తాళమెయ్యాలె."

"ఎట్ల పోవాలె? పోయిరా అననేలేదు."

"ఎవరంటరు? అమ్మ లేదాయె!"

"ఎరుకే. మరెవర్ని అడగాలెనో తెలుస్తలేదు. మంచాన్ని అడగాల్నా, గా చెంబును అడగాల్నా?"

కురుమూర్తి నవ్వబోయి ఆగిపోయాడు. ఇమామ్ సాహెబ్ అతని చేతిలోని తాళంచెవుల వంక చూశాడు.

"ఇంటి తాళం నీ చేతులున్నది బిడ్డా. జర నువ్వే మెట్టెక్కి దొప్ప అందుకొని, మంచిది సాబూ, పోయిరా అను."