రానివాళ్ళ కాగితం

పోయిన వారం, చింతామణిలో నేను కంప్యూటర్లు చూసుకునే ఆసుపత్రిలో, సర్వర్ గది తలుపు తీయగానే వేడిగాలి ముఖానికి కొట్టింది. ఏసీ ఆగిపోయింది, అంతే. యంత్రాలకేమీ కాలేదు. అయినా నేను గడప దగ్గరే కొయ్యబారిపోయాను. యంత్రాలూ వైర్లూ దుమ్మూ తప్ప ఏమీ లేని ఆ గదిలో నా ముక్కుకు ఎండి పెళుసెక్కిన మల్బరీ ఆకు వాసన తగిలింది. వెనకాల వస్తున్న ఎలక్ట్రీషియన్ "ఏం సార్, దెయ్యాన్ని చూసినట్ల నిలబడిపోతిరి?" అన్నాడు. దెయ్యం కాదు, పదేళ్ళ కిందటి నేను. రెండింటికీ పెద్ద తేడా లేదనుకోండి.

పదేళ్ళ కిందట నేను పేరేసంద్రలో నరసమ్మగారి దగ్గర పనిచేసేవాణ్ణి. ఆమెది పట్టుపురుగుల చాకీ కేంద్రం. ఈ పని ఎరగనివాళ్ళ కోసం ఒక మాట చెప్పాలి. గుడ్డులోంచి అప్పుడే వచ్చిన పట్టుపురుగు చీమంత ఉంటుంది. దాన్ని మొదటి పదిరోజులు సాకడం అందరివల్లా కాదు. లేత ఆకు సన్నగా తరిగి వేయాలి, గది వేడి ఇరవై ఏడు డిగ్రీల దగ్గర నిలపాలి. అందుకని రైతులు ఆ పసితనం గడిచేదాకా పురుగుల్ని చాకీ కేంద్రానికి వదిలేసి, రెండో జ్వరం దాటాక ఇళ్ళకు తీసుకుపోతారు. జ్వరమంటే జబ్బు కాదు. పురుగు మేత మానేసి, తల పైకెత్తి, కదలకుండా ఉండి పాత చర్మం విడిచే సమయం. అప్పుడు దాన్ని కదిలించకూడదు. గది తలుపు మూసేస్తారు, మరునాటిదాకా ఎవరూ లోపలికి పోరు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

నరసమ్మగారు కన్నడ బడిలో ఏడో తరగతి దాకా చదివారు. తెలుగు మాట్లాడేవారు, ఆ తెలుగునే కన్నడ అక్షరాల్లో రాసుకునేవారు. ఆకు తరిగి తరిగి ఆమె బొటనవేలి గోరు ఎప్పుడూ పచ్చగా ఉండేది. నేను రాకముందు ఆమెకు దిక్కు గోడకు వేలాడే థర్మామీటరే. రోజుకు ఆరుసార్లు దాని ముందు నిలబడి, పేచీపెట్టే కోడల్ని చూసినట్టు చూసేవారు. వేడిని కొలిచే తీగలు, హీటరును వేసి ఆర్పే చిన్న లినక్స్ కంప్యూటరు, ఇవన్నీ నా సలహా. నా డిప్లొమాకు ఈ జిల్లాలో దక్కిన మొదటి మర్యాద అది. తెర మీద అంకె చూసి రైతులు నోరు తెరిస్తే నాకు రెండంగుళాల పొడవు పెరిగినట్టుండేది. ఆ రెండంగుళాలూ నాకు నిజంగా అవసరమే.

ఒకనాడు కంప్యూటరు మొదలవుతుంటే తెర మీద బిలబిలా పరుగెత్తే అక్షరాల్ని ఆమె చూశారు.

"ఏమప్పా, ఇది ఇన్ని మాట్లాడతా పోతాండాదే, ఎవురితో?"

"ఎవురితోనూ కాదమ్మా. జరిగిందంతా రాసి పెట్టుకుంటాది."

"రాసేవాళ్ళు ఉండి చదివేవాళ్ళు లేకుంటే ఎట్ల? పొద్దున్నే కాయితం మీద తీసి నాకియ్యి."

అట్లా ప్రతి ఉదయం ఒక కాగితం అచ్చు తీయడం నా పనుల్లో చేరింది. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కో ఇంగ్లీషు అక్షరం కూడబలుక్కుంటూ చదివేవారు. వారంలోనే ఆమెకు 'మాడ్యూల్ నాట్ ఫౌండ్' అన్న మాట కొట్టినపిండి అయిపోయింది. పద్నాలుగు వరసలు రోజూ అదే మాటతో ముగిసేవి. కారణం నా బద్ధకమే. బెంగళూరులో పాత ఉద్యోగంలో వాడిన అమరికను ఉన్నదున్నట్టు తెచ్చి ఇక్కడ దించాను. అక్కడ ఉన్న పరికరాలు ఇక్కడ లేవు. లేనివాటికి రోజూ పిలుపు పోయేది.

ఆమెకు అర్థమయ్యేలా చెప్పబోయాను. "కెర్నల్ అంటే మేస్త్రి అనుకోండమ్మా. మాడ్యూళ్ళు కూలోళ్ళు. ఒకరిది కీబోర్డు పని, ఒకరిది వైరు పని. మేస్త్రి పిలిచినాడు, వీళ్ళు రాలేదు. అంతే."

"అంతేనంటావే! మన కూలోళ్ళలో ఒకమ్మి రాకుంటే ఆ ట్రేలకి మేత ఎవురేసేది? ఎవురు రాలేదు, ఎందుకు రాలేదు, రాకుంటే ఏ పని నిలిచిపోతాది, మూడూ చెప్పల్ల."

ఎనిమిదింటికి చెప్పగలిగాను. మిగతా ఆరూ ఎవరో నాకే తెలియదు. రోజూ ఏదో ఒక మాట చెప్పి తప్పించుకునేవాణ్ణి. లాగ్, అంటే కంప్యూటరు రాసుకునే ఆ చిట్టా, చదవమంటే ఎలాగోలా లాగించేసేవాణ్ణన్నమాట. ఒక ఉదయం మండికల్ నుంచి వెంకటరవణప్ప వచ్చి కూర్చున్నాడు. నరసమ్మగారి దగ్గర ఎన్నో ఏళ్ళుగా పురుగులు తీసుకుపోయే రైతు. ఆయన ముందే ఆమె కాగితం మీద వేలు పెట్టారు.

"ఈ తొమ్మిదో ఆయప్ప ఎవురు?"

"అది అవసరం లేనిదమ్మా."

"లేదని తెలుసునా, లేదనుకుంటాండావా?"

నేను కాగితాన్ని నా వైపు తిప్పుకుని ఆ వరస మళ్ళీ చదివాను. వెంకటరవణప్ప పొట్ట పట్టుకుని నవ్వాడు. "బాగుందమ్మో! కంప్యూటరప్ప హాజరాతి పిలుస్తాండాడు, ఆయప్ప కూలోళ్ళు ఆయప్పకే తెలీరు!"

హాజరు పుస్తకాన్ని మా వైపు కన్నడంలో హాజరాతి అనే అంటారు. ఆ నవ్వు చెవుల్లో మోగుతుంటే, ఆ మధ్యాహ్నమే కూర్చుని ఒక్క వరస ఆదేశం రాశాను. 'నాట్ ఫౌండ్' అని ఉన్న ఏ వరసైనా సరే కాగితం మీదికి రాకూడదు. పురుగులు సాకే చోట నా బుద్ధికే పురుగు పట్టింది.

మరునాడు నరసమ్మగారు కాగితాన్ని తిప్పి చూశారు. "ఈ పొద్దు పొట్టిగా ఉండాదే?"

"అన్నీ సరిచేసినానమ్మా."

"అందరూ వచ్చినారా?"

"వచ్చినారమ్మా."

ఆమె ముఖం వెలిగిపోయింది. స్వయంగా లోపలికి వెళ్ళి నాకు కాఫీ తెచ్చిచ్చారు. తర్వాత గోడకున్న థర్మామీటరు తీసి, తువ్వాలులో చుట్టి, వెంకటరవణప్పకు పంపించారు. "మాకింక కంప్యూటరు చాలప్పా. మీ ఇంట్లో పెద్ద పురుగులకి పనికొస్తాది." నేను కాఫీ తాగుతూ గోడకున్న ఉత్త మేకును చూశాను. అప్పుడైనా నోరు విప్పవలసింది. కాఫీ బాగుంది, విప్పలేదు.

రెండు నెలలు ఏమీ కాలేదు. మంచి చలికాలంలో, పన్నెండు మంది రైతులకు ఇవ్వవలసిన పురుగులు రెండో జ్వరానికి వచ్చాయి. తెల్లవారుతూనే తలుపు మూశాం. కాసేపటికి కరెంటు పోయి, అరగంటలో వచ్చింది. కంప్యూటరు మళ్ళీ మొదలైంది. అంతకుముందే అది తనంతట తానే కొత్త కెర్నల్ తెచ్చిపెట్టుకుని ఉంది. అంటే మేస్త్రి మారాడు. వేడిని కొలిచే తీగకు కావలసిన మాడ్యూల్ నేను చేత్తో తయారుచేసింది, అది పాత మేస్త్రికే పలుకుతుంది. కొత్త మేస్త్రి పిలిచాడు, అది రాలేదు. రాలేదని కంప్యూటరు నిజాయితీగా రాసింది. నా ఆదేశం ఆ వరసను తీసి పారేసింది. నేను అచ్చు తీసిన కాగితం పొట్టిగా, ముత్యంలా వచ్చింది.

కొలత రాకపోయేసరికి, కరెంటు పోకముందు రాసిపెట్టుకున్న చివరి అంకె, తెల్లవారుజాము చలికి దిగిన ఇరవై అయిదు, తెర మీద అట్లాగే నిలిచిపోయింది. ఇరవై అయిదంటే తక్కువే కదా, హీటరు వెలుగుతూనే ఉంది.

"ఎంతుండాది?" అని ఆమె మూడుసార్లు అడిగారు.

"ఇరవై అయిదమ్మా." మూడుసార్లూ అదే.

"అంతేనా? హీటరు ఆరనే లేదే!"

"చలి జాస్తి గదమ్మా."

మరునాటి ఉదయం ఆమె తలుపు తీశారు. వేడి ఒక్కసారిగా మా మీద పడింది. ట్రేల అంచుల్లో మిగిలిన ఆకు నలిపితే పొడి అయ్యేలా ఉంది. జ్వరం లేచిన పురుగు ఆకు వాసన తగలగానే తల తిప్పుతుంది. నరసమ్మగారు ఒక లేత ఆకు తరిగి మొదటి ట్రేలో చల్లారు. ఏ తలా తిరగలేదు. రెండో ట్రేలో చల్లారు. మూడో ట్రేలో. ఆమె అరుస్తారని, నన్ను కొడతారని చూస్తున్నాను. ఆమె నా మణికట్టు పట్టుకుని నా అరచేతిని ట్రేలో ఆనించారు. ఎండిన పురుగులు కత్తిరించి పోసిన దారపు ముక్కల్లా గరగరమన్నాయి. వేలకు వేలు, లక్షలు.

బయటికి పరుగెత్తి అసలు లాగ్ తెరిచాను. కరెంటు వచ్చిన నిమిషానికే మొదటి వరస ఉంది. ఆ తర్వాత కొలత కోసం ప్రయత్నించిన ప్రతిసారీ అదే వరస. తెర కిందికి లాగే కొద్దీ వస్తూనే ఉంది. ఒక పగలూ ఒక రాత్రీ అది ఆగకుండా చెబుతూనే ఉంది. దాని నోరు నొక్కిన చెయ్యి నాది.

సాయంత్రం రైతులు ఖాళీ ట్రేలు బండ్లకు కట్టుకుని వచ్చారు, కొందరు బాగేపల్లి నుంచి. కరెంటు పోయిందనీ, కెర్నల్ మారిందనీ చెప్పడానికి మంచి ఉపన్యాసం సిద్ధం చేసుకున్నాను. అందులో నా పేరొక్కటే లేదు. నేను మొదలుపెట్టే లోపలే నరసమ్మగారు చేతులు జోడించారు.

"పురుగులన్నీ పోయినాయప్పా. తప్పు నాది. గోడకుండే థర్మామీటరు తీయించింది నేనే."

నేను ఉలిక్కిపడ్డాను. ఆ మాటతో ఆమె నన్ను దాచేశారు. నేను ఊరుకుంటే సరిపోయేది. కానీ నోట్లోంచి "కాదు" అన్న మాట వచ్చేసింది, ఎవరో వెనక నుంచి తోసినట్టు. మొత్తం చెప్పాను. వెంకటరవణప్ప ఈసారి నవ్వలేదు.

"తెలిసి చేసినావా, తెలీక చేసినావా?"

"ఆ వరసలు కనపడకుండా చేసింది తెలిసే. వాటితో ఇది కూడా పోతాదని తెలీలేదు."

ఆయన తన బండి వైపు తిరిగాడు. "తోట నిండా ఆకు ఏపుగా ఉండాది. తినేవాళ్ళే లేరు" అన్నాడు, అది కూడా నాతో కాదు. పన్నెండు మందీ ఖాళీ ట్రేలు విప్పకుండానే బండ్లు తిప్పుకుని వెళ్ళిపోయారు.

మరునాడు తాళంచెవులు ఆమె బల్ల మీద పెట్టాను.

"యాడికి?"

"పోతానమ్మా."

"నువ్వు పోతే ఆ కాయితం ఎవురు చదివేది? కూచో."

నేను రాసిన ఆదేశం తీయించారు. మొత్తం అచ్చు తీయించారు. మొదటి వరస నుంచి వేలు పెట్టి అడిగారు. ఎవరు, ఎందుకు రాలేదు, రాకుంటే ఏ పని నిలిచిపోతాది. తొమ్మిదో వరస దగ్గర నేను ఆగిపోయాను.

"తెలీదమ్మా" అన్నాను చివరికి.

ఆమె తన పుస్తకంలో కన్నడ అక్షరాల్లో 'తెలీదు' అని రాసుకున్నారు. మిగతా అయిదింటికీ అదే రాసుకున్నారు. కోపం లేదు, ఎగతాళి లేదు. రాయడం అయ్యాక కళ్ళద్దాలు తీసి, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగారు.

"ఈ మాట ఆ పొద్దే చెప్పింటే, నేను థర్మామీటరు పంపిచ్చింటానా?"

ట్రేలో చెయ్యి ఆనించినప్పుడు కూడా నేనంత అదిరిపోలేదు. రెండు నెలలుగా నేను కాపాడుకుంటున్నది ఆమెకు అక్కర్లేని గొప్ప. నా తెలియనితనం ఆమెకు ఏ ఇబ్బందీ కాదు, అది తెలిస్తే తన జాగ్రత్తలో తాను ఉండేవారు. ఎప్పుడు కాపలా మానకూడదో ఆమెకు తెలియనివ్వకుండా చేశాను.

మరో నాలుగేళ్ళు అక్కడే పనిచేశాను. ఆ ఆరుగురూ ఎవరో నెల తిరిగేలోపు తెలుసుకున్నాను. పన్నెండు మందిలో తొమ్మిది మంది మళ్ళీ వచ్చారు. వెంకటరవణప్ప రాలేదు. నరసమ్మగారు పోయి రెండేళ్ళయింది.

అడ్మిన్ కావడం తేలికే, తెలియదని అడ్మిట్ చేయడమే ఇప్పటికీ కష్టం. నిన్న రక్తం నిలవచేసే గది నుంచి నర్సు ఫోన్ చేసింది. తెర మీద ఏదో కొత్త హెచ్చరిక వస్తోందట.

"పరవాలేదా సార్ ఇది? రోజూ వచ్చే మాదిరిదేనా?"

పరవాలేదు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. పదేళ్ళయినా అదే ముందు వస్తుంది.

"తెలీదమ్మా. నేను వచ్చి చూసేదాకా మీరు గంటకొకసారి ఫ్రిజ్ థర్మామీటరు చూసి చేత్తో రాసుకుంటా ఉండండి."

"అయ్యో సార్, ఇంత పనిలో ఇదొకటా!" అని ఆమె విసుక్కుంది. ఆ వెంటనే, ఫోన్ ఇంకా పెట్టేయకముందే, అవతల "ఆ పెన్ను ఇట్లియ్యి" అని ఎవరినో అడగడం వినిపించింది. నేను చెప్పులు వేసుకుని బయలుదేరాను.