ఆమె పెట్టని పోజు

మా ఆవిడ పోయి పదిరోజులైంది. దండ వేద్దామంటే ఏ ఫోటోలోనూ ఎదురుగా చూడదు.

చీపురుపల్లి స్టూడియో గుర్తుందా మీకు? మేడబొమ్మ తెర, నల్లగుడ్డలో తల దూర్చే ఫోటోగ్రాఫరు. అరవై ఎనిమిదిలో మామయ్య మా ఇద్దరినీ అక్కడ నిలబెట్టాడు. ఆమె అప్పటికి మామయ్య కూతురే, ఏడేళ్ల పిల్ల.

"పోజియ్యమ్మా" అన్నాడు ఫోటోగ్రాఫరు. నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. మన ఇళ్లలో పోజంటే పొగరే కదా.

"ఏటే ఆ పోజు? సినిమా యాక్టరుననుకుంటన్నావేటి?" అన్నాను.

చెయ్యి దించేసి నా వైపు తిరిగింది. ఆ తర్వాత ఎప్పుడు కెమెరా ఎత్తినా అంతే.

"పోజులు నాకు రావు బావా. నువ్వే సూడు అటు."

నిన్న పెళ్లిఫోటోలోంచి నన్ను తీసేసి ఫ్రేము కట్టించాను. ఆమె ఇంకా పక్కకే చూస్తోంది. అక్కడ నేను లేను.