శాంటా ఫేలో ఉడకని అన్నం

ఇప్పుడంటే ఏ ఊరు వెళ్లినా మన భోజనం దొరుకుతుంది గానీ, డెబ్భైల చివర్లో మేం అమెరికాలో ఎక్కడికి ప్రయాణం కట్టినా చీరల మడతల మధ్య బియ్యం సంచీ ఉండాల్సిందే. చూడవలసిన వింతల సంగతి తరవాత. గదిలో స్టవ్ ఉందా లేదా అన్నదే మొదటి ప్రశ్న. పెళ్లయి పిస్కాటవే అనే ఊరికి వచ్చి ఏడాదైనా నిండని నేను శాంటా ఫే వెళ్లినప్పుడూ అంతే. మిషిగన్‌లో డాక్టరైన మా ఆడపడుచు శాంటా ఫేలో ఏదో కాన్ఫరెన్స్‌కి వెళ్తూ మమ్మల్నీ రమ్మన్నారు. మావారు అప్పట్లో పీహెచ్‌డీ చేస్తున్నారు, బాయిలర్లలో నీళ్లు మరగడం మీద. (నీళ్లు మరగడంలో అన్నేళ్లు చదవడానికేముందో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.) కుక్కర్ పెడతానంటే బరువని వద్దన్నదీ ఆయనే.

వదినగారు నా చేతి వంట తినడం అదే మొదటిసారి. పైగా వచ్చే నెల ఆవిడ ఏలూరు వెళ్తున్నారు. ఇక్కడ నా అన్నం ఎలా ఉంటే అక్కడ మా అత్తగారి దగ్గర నా పేరు అలా ఉంటుందని నా భయం. అందుకే స్పానిష్‌వాళ్లు ఎప్పుడో కట్టిన ఆ కొండ ఊళ్లో మట్టిరంగు ఇళ్లూ, పాత చర్చీ ఏవీ నా బుర్రకెక్కలేదు. చూరులకు వేలాడే ఎండుమిరపకాయల దండలు చూసి కూడా పోపే గుర్తొచ్చింది.

మోటెల్‌లో ఎసరు పెట్టగానే తెర్లింది. సంబరపడి బియ్యం పోశాను. ఎంతసేపటికీ పైకి అన్నమే, పంటికింద బియ్యం. కందిపప్పయితే ఏ బద్దకా బద్ద విడిగా నన్నే చూస్తోంది. వదినగారు ఒక ముద్ద నమిలి, "అమ్మాయ్, మీ ఇంట్లో అన్నం ఇలాగే తింటారా?" అన్నారు.

మావారు నన్ను కాపాడబోయారు. "కొంచెం పలుకుగా ఉంటే డైజెషన్‌కి మంచిదక్కా."

"డాక్టర్ని నేనా, నువ్వా?"

బాత్‌రూమ్‌లోకి వెళ్లి, ట్యాప్ తిప్పుకుని ఏడ్చాను. పొద్దున్నే లేచి నీళ్లెక్కువ పోసి మళ్లీ వండాను. ఈసారి గంజిలో బియ్యం తేలాయి. వదినగారు గిన్నె మీద మెల్లిగా మూత పెట్టేశారు. అదింకా అవమానం.

ఆ రోజు దగ్గర్లో ఉన్న పాత శిథిలాలు చూడటానికి వెళ్లాం. ఎప్పటివాళ్లో కొండ గోడలోనే గదులు తొలుచుకుని కాపురాలు చేశారట. పైకెక్కడానికి చెక్క నిచ్చెనలు. (ఆ ఇల్లాళ్లు ఏం వండేవారో, వాళ్ల ఆడపడుచులు ఏమనేవారో అనే నా ఆలోచన.) ముందు వదినగారు, వెనక మావారు, కింద నేను. సగంలో ఆవిడ ఆగిపోయారు.

"ఉండరా తమ్ముడూ, ఆయాసం వస్తోంది. ఏడువేల అడుగుల ఎత్తు కదా, గాలి పలచన."

మావారు మెట్టు మీదే బిగుసుకుపోయారు. "గాలి పలచన... అంటే ప్రెషర్ తక్కువ..." అని గొణిగి, ఒక్కసారిగా కేకేశారు. "అక్కా! ఇక్కడ నీళ్లు తక్కువ వేడికే మరిగిపోతాయి! ఎంత మరిగినా అన్నం సరిగ్గా ఉడకదు! తన తప్పు కాదక్కా!"

కింద ఉన్న అమెరికన్లు అందరూ తలెత్తి చూశారు. వదినగారు నిచ్చెన పట్టుకునే వెనక్కి తిరిగారు. "నీ పీహెచ్‌డీ దేని మీదరా?"

"నీళ్లు మరగడం మీదక్కా."

"నిన్నట్నుంచీ ఆ పిల్ల ఏడుస్తుంటే ఇప్పుడా గుర్తొచ్చింది?"

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆ సాయంత్రం ముగ్గురం బ్రెడ్డు, ఆవకాయ తిన్నాం. నెల తరవాత ఏలూరులో ఆవిడ మా అత్తగారితో అన్న మాట ఇది: "నీ కోడలికి వంట బాగానే వచ్చమ్మా. నీ కొడుక్కే చదువు అబ్బలేదు."

వదినగారు ఇప్పుడు లేరు. ఫోన్‌లో కబుర్లలో పడి ఎప్పుడైనా అన్నం పలుకు చేస్తే, "ఈ పూట గాలి పలచనండీ" అంటాను. కొండన్నది లేని మా ఊళ్లో ఆ నీళ్ల డాక్టరుగారు నోరెత్తకుండా తింటారు. అప్పుడప్పుడు ఆ మోటెల్ బాత్‌రూమ్ తలుపు తట్టి, లోపల ఏడుస్తున్న అప్పటి నాతో, "ఊరుకో పిల్లా, తప్పు నీది కాదు, కొండది" అని చెప్పి రావాలనిపిస్తుంది. చెప్పినా వినదు లెండి. రెండోసారి ఎసరు పెట్టే హడావిడిలో ఉంటుంది.