పళ్లెంలో గాజురాళ్లు

ఈ దసరాకు మా అక్క ఆయుధపూజ చేయలేదు. కూరగాయల కత్తి, కత్తెర, కారు తాళాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. పండగ పూట, దేశం దాటి వచ్చి వాళ్లు స్థిరపడ్డ క్లేటన్‌లో అక్కావాళ్లింటికి వెళ్లిన నాకు, కిందటేడు ఇదే రోజు సాయంత్రం బావ గరాజ్ తలుపు తీసి నిలబడిపోయిన తీరు గుర్తొచ్చింది. ఎదురుగా బల్ల మీద ఇత్తడి పళ్లెం. అందులో వేలెడంత నల్లటి రాతిముక్కలు కుప్పగా, పసుపు కుంకుమలతో మెరుస్తున్నాయి. పక్కన ఖాళీ ప్లాస్టిక్ సంచులు నీటుగా మడతపెట్టి ఉన్నాయి.

"అన్నీ కలిపేశావా?" అన్నాడు బావ.

"కడిగి మరీ పెట్టానండీ, ఎంత మట్టి పట్టిందో. చీటీలు తడిసి ముద్దయితే బిన్‌లో వేశాను. చెత్తబండి వాళ్లు ఇవాళే పట్టుకెళ్లారు."

బావది పురావస్తుశాస్త్రం. యూనివర్సిటీలో పాఠాలు చెబుతూ, స్పానిష్ వాళ్లు రాకముందు మెక్సికోలో రాళ్ల వ్యాపారం ఎలా సాగిందన్నదాని మీదే జీవితం గడిపాడు. అగ్నిపర్వతపు గాజురాయి అక్కడివాళ్లకు మన ఇనుములాంటిది; కత్తులన్నీ దానితోనే. బండి లేదు, గాడిద లేదు; మనుషులే వీపున మోసి కొండలు దాటించేవారు. పెరట్లో మాంసం కాల్చుకు తినే బార్బీ విందుల్లో ఆయన ఈ సంగతి ఎత్తుకుంటే మన తెలుగు డాక్టర్లు ఒక్కొక్కరే ప్లేటు పట్టుకుని పొయ్యి వైపు జరిగేవారు. "ఇంట్లో కత్తికి టమాటా తెగదు, ఈయనేమో ఎవరి కత్తులకో కాపలా" అని అక్క దెప్పేది. బావ ప్రశ్న మాత్రం ఒక్కటే: అంత దూరం నుంచి వచ్చిన రాయి ఊళ్లో పెద్దింటికే చేరిందా, పేదింటికీ అందిందా? ఏ ఇంటి నేలలో దొరికిన ముక్కలు ఆ ఇంటి సంచిలో, చీటీతో సహా ఉండేవి. జవాబంతా అందులోనే ఉంది.

కిందటేడే యూనిలో ఆయన విభాగం మూసేశారు. మెక్సికో మ్యూజియం అరువిచ్చిన ఆ రాళ్లను గరాజ్‌కు చేర్చి, వెనక్కి పంపేలోగా పని ముగించాలనుకున్నాడు. ఒక్కో ముక్కా కొలిచి రాసుకోవడం అప్పుడప్పుడే మొదలుపెట్టాడు; ఆ చీటీలు తప్ప వేరే లెక్క లేదు. దిగులుతో తిండి తగ్గించాడు.

"ఆయన పనిముట్లు అవేగదరా తమ్ముడూ" అంది అక్క నాతో. "కారుకి బొట్టు పెట్టి వాటికి పెట్టకపోతే ఎలా? ఆయన వర్క్ సాగాలనేగా చేశాను."

బావ ఖాళీ సంచులు ఒక్కొక్కటే విప్పి లోపల చూశాడు. ఒక్క మాట తిట్టుంటే అక్క ఏడ్చి తేలికపడేది. ఏడాదిగా ఇద్దరూ ఉప్పు, కూర, కారు తాళాల గురించే మాట్లాడుకుంటున్నారు.

పత్రికలో పనిచేసిన అలవాటుకొద్దీ, ఏ ముక్క ఏ ఇంటిదో తెలుసుకునే దారి ఇంకేమైనా ఉందా అని ఆ సాయంత్రమే బావను అడిగాను.

"ఏ కొండ రాయో మెషిన్ చెప్పేస్తుందోయ్, దట్స్ ఈజీ" అన్నాడు బావ, ఒక ముక్క అంచున ఇరుక్కున్న పసుపును గోటితో గీకుతూ. "ఎవరింటికి చేరిందో ఇంక ఎవరూ చెప్పలేరు."

రాళ్లు ఒకే పెట్టెలో మెక్సికో వెళ్లిపోయాయి. గరాజ్‌లో ఇప్పుడు కారు పెడుతున్నారు. వందల ఏళ్లు మట్టి కింద ఏ ఇంటివి ఆ ఇంట్లోనే ఉన్న రాళ్లు, ఒక్క పూట పూజలో కలిసిపోయాయి. పేదింటికి ఆ రాయి అందిందో లేదో ఇప్పటికీ తెలియదు.