వంగి నడిచే గమ్మత్తు దాసు ఊరికి

మా అమ్మకు పక్షవాతం వచ్చి కోలుకుంటున్న రోజులవి, డెబ్బయ్యో దశకం నడుమ. మూతి ఒక పక్కకు లాగేసింది, కుడికాలు ఈడ్చుకుంటూ నడిచేది. ఎవరైనా చూస్తారని వాకిట్లోకి కూడా వచ్చేది కాదు. నేను హనుమకొండలో చిన్నపిల్లల బడిలో టీచర్ని. ఇంట్లో ఆ దిగులు భరించలేక ఒక ఆదివారం అమ్మను బలవంతంగా రిక్షా ఎక్కించి సినిమాకు తీసుకుపోయాను. అందులో గమ్మత్తు దాసు అనే హాస్యనటుడు వంటవాడి వేషం వేశాడు. మెడ ముందుకు చాచి, మోకాళ్ళు వంచి, నెత్తికి ఏదో తగులుతుందన్నట్టు కళ్ళు పైకెత్తి నడిచొచ్చాడు. అమ్మ నవ్వింది. మూతి ఒక పక్కే కదిలింది గానీ నవ్వు నిండుగా వచ్చింది. ఇంటికొచ్చాక తన కాలి ఈడ్పును ఆ నడకలో కలిపి మాకు నడిచి చూపించింది కూడా. కడుపు చెక్కలయ్యేలా నవ్వాం అందరం. ఆ మనిషిని ఒక్కసారి కళ్ళారా చూసి దండం పెట్టుకోవాలని నాకు అప్పుడే అనిపించింది.

తర్వాత దాసు వేషాలు తగ్గించుకుని, తానే దర్శకుడై బొగ్గు గని కార్మికుల మీద సినిమా తీశాడు. చేతిలో ఉన్నదంతా అందులోనే పెట్టాడని చెప్పుకునేవారు. పట్నాల్లో బాగా ఆడింది. మేమూ హనుమకొండలో చూసి నవ్వీ నవ్వీ అలిసిపోయాం. అది గోదావరిఖనికి వస్తోందనీ, అది ఆయన సొంత ఊరు కాబట్టి మొదటి ఆటకు స్వయంగా వస్తాడనీ సినిమా పత్రికలో చదివాను. మద్రాసు వెళ్ళి చూడటం నావల్ల అయ్యే పని కాదు. గోదావరిఖని ఎంత దూరం? మా ఆయన, "పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుంది నీ సంగతి" అన్నాడు. అమ్మ మాత్రం దుప్పటి కింద నుంచి ఇరవై రూపాయలు తీసి చేతిలో పెట్టింది.

కాజీపేటలో తెల్లవారగానే బల్లార్షా వైపు పోయే పాసింజరు ఎక్కాను. కిటికీ పక్క సీటు దొరికిందని మురిసిపోయాను గానీ జమ్మికుంట దాటేసరికి ఇంజను నుసి పడి నా తెల్లచీర ముక్కుపొడి రంగుకు తిరిగింది. పెద్దపల్లి దాటాక ఎండ ముదిరింది. రామగుండం చేరేసరికి ఎండ చురచుర కాలుస్తోంది, ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టలేం. అక్కడి నుంచి గోదావరిఖనికి బస్సు ఉండేది, నిండితేనే కదిలేది. మనిషికి రూపాయి తీసుకునే జీపులే నయం. నేనెక్కిన జీపు నడిపే యాకూబ్ వెనక ఎనిమిదిమందిని కుక్కి, నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టాడు.

"గమ్మత్తు దాసును సూడ వచ్చినవా అక్కా? వాడు మా దానియేలు! నాతోని రెండేండ్లు బాయిల బొగ్గెత్తిండు," అన్నాడు గర్వంగా. ఇక్కడ గనిని బాయి అంటారు. దారంతా ఆయన చెప్తూనే ఉన్నాడు. దానియేలు కుటుంబానిది కొత్తగూడెం. ఇక్కడ బాయిలు తెరిచినప్పుడు తండ్రి ఏసోబు పిల్లల్ని తీసుకుని ఇటు వచ్చాడు. చర్చిలో క్రిస్మస్ నాటకాల్లో దానియేలు గొర్రెలకాపరి వేషం వేస్తే పాస్టరుగారు కూడా నవ్వాపుకోలేక పుస్తకం అడ్డం పెట్టుకునేవాడట. ఒకరోజు డ్యూటీకి పోతున్నానని చెప్పి మద్రాసు రైలెక్కాడు. అక్కడ హోటల్లో ప్లేట్లు కడిగాడు, గుంపులో నిలబడే వేషాలు వేశాడు. ఒక సినిమాలో వంగి నడిచొచ్చి మంచినీళ్ళ గ్లాసు అందించాడు, అంతే, దేశమంతా ఆ నడక పట్టుకుంది.

"ఇయ్యాల ఊరంత హాలుకాడనే ఉంటది. ఒక్క ఏసోబు కాక తప్ప," అన్నాడు యాకూబ్.

"సొంత కొడుకు సినిమా, రాడా?"

"ఒక్కటంటే ఒక్కటి సూడలె. గా ముచ్చట నన్నడగకు. వాళ్ళక్క మెస్సుకాడ దించుత, ఆమెనే అడుగు. బువ్వ గూడ మంచిగుంటది."

మార్కెట్ వెనక రేకుల పందిరి కింద నడిచే ఆ మెస్సులో రెండు రూపాయలకు కడుపునిండా భోజనం. జొన్నరొట్టె, ఎండుచేపల పులుసు, పచ్చి ఉల్లిగడ్డ. నేను ఆవురావురుమని తింటుంటే దానియేలు అక్క మరియమ్మ విసనకర్ర పట్టుకుని ఎదురుగా కూర్చుంది. వచ్చిన పని చెప్పగానే ఆమె చెయ్యి ఆగింది.

"తమ్ముడు కబురు పంపిండు టీచరమ్మా. బాపు వస్తెనే తెర లేపుమని. ఈయన రానంటున్నడు. బాపు సర్దార్ పని చేసి మొన్ననే నౌకరి దిగిపోయిండు. తక్కువ ఎత్తున్న కప్పు కింద ఒంగి ఒంగి నడిచి నడుము అట్లనే ఉండిపోయింది. గా నడకనే తమ్ముడు సినిమాల సూపెట్టిండు. నా నడుము ఇరిగితె దేశమంత నవ్వాల్నా అంటడు."

రొట్టె నా చేతిలోనే ఉండిపోయింది. ఇన్నేళ్ళూ మేం పడీపడీ నవ్విన నడక ఒక మనిషి నడుము మీద నుంచి వచ్చిందా!

సర్దారు పని ఏమిటో కూడా ఆమే చెప్పింది. కింద బొగ్గు తీసేచోట నెత్తిమీది కప్పును కర్రతో తట్టి చూసే బాధ్యత ఆయనది. "సర్దార్ కట్టె ఎత్తిండంటే అంత బంద్. పార ఆడదు, నోరు లేవదు, దగ్గొచ్చినా మింగుడే. కప్పు ఖంగుమన్నదనుకో, మంచిగున్నట్టు. డొల్లగ పలికిందనుకో, తట్ట ఆడనే ఇడిసి ఉరుకుడే." చెప్తూ చెప్తూ నన్ను తేరిపార చూసింది. "నువ్వు పరాయి మనిషివి. ఒక్కమాట బాపుకు చెప్పరాదు? నా మాటయితె ఇనడు."

క్వార్టర్లు పక్కనే. మరియమ్మ భర్తకు కంపెనీ ఇచ్చిన రెండు గదుల ఇల్లు. ఏసోబు లోపలి నుంచి నాకు కుర్చీ తెస్తూ వచ్చాడు. మెడ ముందుకు, మోకాళ్ళు వంగి, కళ్ళు పైకి. తెర మీద చూసిన నడకే, అడుగు తేడా లేదు. కానీ నవ్వు రాలేదు. రెండు చేతులూ జోడించాను. దాసుకు పెట్టాలనుకున్న దండం ఆయనకు పెట్టాను.

పిల్లలకు పాఠాలు చెప్పే నోరే గానీ ఆ పూట నాకు మాట సరిగ్గా రాలేదు. "మా అమ్మకు పక్షవాతం వచ్చింది కాకా. నీ కొడుకు నడక చూసి నవ్వింది," అన్నాను.

"నా నడకను సూసి నవ్విందంటవ్," అన్నాడాయన.

మరియమ్మ నెత్తి కొట్టుకుంది. నాకు నాలుక కరుచుకున్నంత పనైంది. ఏసోబు ఆ కుర్చీ నా వైపు జరిపాడు. చివరికి ఆయనే అడిగాడు.

"మీ అమ్మకు ఇప్పుడెట్లున్నది బిడ్డా?"

"లేచి తిరుగుతోంది. కాలు ఈడ్చుకుంటూ, కొంచెం ఒంగి."

"ఆమెను సూసి ఎవలన్న నవ్వుతరా?"

"ముందు ఆమెనే నవ్వింది కాకా. సినిమా చూసొచ్చి, తన కాలును తనే మాకు నడిచి చూపించి నవ్వించింది. ఆ మర్నాడే వాకిట్లకొచ్చి ముగ్గేసింది."

"ఆమెనే నవ్విందా?" అని మళ్ళీ అడిగాడు. అవునన్నాను. చాలాసేపు తన మోకాళ్ళ వంక చూసుకున్నాడు. తర్వాత, "మరియా, పెట్టెలున్న తెల్లంగి తియ్," అన్నాడు. మరియమ్మ పరుగున లోపలికి పోయింది.

ఇక్కడ ఆటల వేళలు కూడా షిఫ్టును బట్టే. పొద్దుటి షిఫ్టు దిగి స్నానాలు చేసొచ్చిన వాళ్ళతో హాలు నిండిపోయింది. రేకుల షెడ్డు, ముందు నేల, వెనక బెంచీలు, ఆ వెనక రెండు వరసల కుర్చీలు. మగవాళ్ళు తలరుమాలు తీస్తే చెమట, చుట్టుకుంటే ఉక్క. దాసు గుమ్మం దగ్గర దండల మధ్య నిలబడి ఉన్నాడు. తెర మీద కనిపించేదానికన్నా చిన్నమనిషి. నాకు పదడుగుల దూరంలోనే ఉన్నాడు గానీ దగ్గరికి పోవాలన్న ధ్యాసే లేదు నాకు. ఎందుకంటే ఆయన దండలు తీసేస్తూ, గుంపులోంచి వంగి నడిచొస్తున్న తండ్రినే చూస్తున్నాడు. ఏసోబు కొడుకు వంక చూడకుండా దాటిపోయి కుర్చీలో కూర్చున్నాడు. ఒక పక్క మరియమ్మ, ఇంకో పక్క నేను. కొడుకు వచ్చి పక్కన కూర్చునే ధైర్యం చెయ్యలేదు. మా వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

సినిమా మొదలైంది. దాసు ముసలి సర్దారు వేషంలో వంగి నడిచి రాగానే హాలు హోరెత్తింది. "ఏసోబు కాక! మన ఏసోబు కాక!" అని నేల తరగతి నుంచి కేకలు, ఈలలు. నేను భయంభయంగా పక్కకు చూశాను. ఆయన కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. అయితే కళ్ళు తెర మీదే ఉన్నాయి. వాళ్ళు వెక్కిరించడంలేదని, సొంత మనిషిని చూసినట్టు పిలుస్తున్నారని ఆయనకూ తెలుస్తున్నట్టే ఉంది.

తర్వాత ఆ సన్నివేశం వచ్చింది. హనుమకొండలో మేం కుర్చీల్లోంచి జారిపడేంత నవ్విన ఘట్టం. దాసు సద్దిగిన్నె చంకలో పెట్టుకుని, తినడానికి చోటు చూసుకుని, కర్ర పైకెత్తుతాడు.

కర్ర ఎత్తగానే హాలు మొత్తం నిశ్శబ్దమైపోయింది. బీడీలు నోటి దగ్గరే ఆగాయి. సోడాలమ్మేవాడు సీసాలు చప్పుడు కాకుండా పొట్టకు అదిమిపట్టుకున్నాడు. అన్ని వందలమంది ఒక్కసారి ఊపిరి బిగబట్టడం నేనెన్నడూ చూడలేదు. తెర మీద కర్ర కప్పును తాకింది. డొబ్ అని డొల్ల చప్పుడు. దాసు బాగుందన్నట్టు తలూపి, దాని కిందే బాసింపట్టు వేసుకుని కూర్చుని గిన్నె మూత తీశాడు.

ఇక్కడ ఒక్కరూ నవ్వలేదు. నేల తరగతిలో సగంమంది లేచి నిలబడ్డారు. కొందరు గుమ్మాల వైపు జరిగారు, కొందరు నెత్తిమీది రేకుల్ని చూశారు. "లే! లే అండ్లకెల్లి!" "కూసోకు, ఉరుకు!" అని తెర మీది మనిషిని చూసి అరుస్తున్నారు. నా పక్కన కుర్చీ కిర్రుమంది. ఏసోబు లేచాడు. వంగిన నడుము ఎంత నిలబడగలదో అంతా నిలబడి, చెయ్యి చాచి, హాలు దద్దరిల్లేలా పిలిచాడు.

"దానియేలూ! ఇవతలికి రా బిడ్డా! ఇవతలికి రా!"

"ఈడ్నే ఉన్న బాపూ," అంది మా వెనక గొంతు.

ఏసోబు గిరుక్కున తిరిగాడు. తెర మీద కొడుకు డొల్ల కప్పు కింద అన్నం కలుపుతున్నాడు. ఇక్కడ కొడుకు టెర్లిన్ చొక్కాలో, చెంపల మీద నీళ్ళతో నిలబడి ఉన్నాడు. ముసలాయన అటొకసారి ఇటొకసారి చూశాడు. చెయ్యి చాచి కొడుకు భుజం తడిమాడు, ఛాతీ తడిమాడు.

"మంచిగనే ఉన్నవ్ గద," అన్నాడు.

అప్పుడు నవ్వారు. ముందెవరో ఒకరు, తర్వాత నేల, బెంచీలు, కుర్చీలు, సోడాలవాడు, అందరూ. ఏసోబు కూడా నవ్వాడు, పళ్ళూడిన నోరు తెరిచి. మరియమ్మ కొంగులో మొహం పెట్టుకుని ఏడుస్తోంది. నేను లేచి నా కుర్చీ దాసుకిచ్చాను. ముసలాయన కొడుకు మణికట్టు పట్టుకుని కూర్చున్నవాడు ఆట అయ్యేదాకా వదల్లేదు. ఇంటర్వెల్లో చాయ్ ఇచ్చినా ఎడమచేత్తోనే తాగాడు.

ఆ రాత్రి మరియమ్మ ఇంట్లోనే పడుకున్నాను. అన్నాల దగ్గర దాసు పళ్ళెం ముందు తల వంచుకుని, "మద్రాసుల ఖాళీ డబ్బా మీద కొట్టి రికార్డు చేసిన్రు బాపూ. నవ్వొస్తున్నదని ఉంచిన. రెండేండ్లు బాయిల పని చేసినోన్ని, నా చెవికి ఎట్ల తెల్వలేదో," అన్నాడు. ఏసోబు కొడుకు పళ్ళెంలో చేపముక్క వేసి, "తినేటప్పుడు గా ముచ్చటెందుకు," అన్నాడు. నడక గురించి ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు.

కొన్ని నెలలకు ఆ సినిమా కొత్త ప్రింటుతో మళ్ళీ హనుమకొండ వచ్చింది. అమ్మతో కలిసి వెళ్ళాను. దాసు కర్ర ఎత్తి కప్పును తట్టాడు. ఖంగుమంది. హాల్లో మునుపటి నవ్వు లేదు. ఎవరో వెనక నుంచి, "ఈ సీను మొదట్ల మస్తుండె, పాడు చేసిన్రు," అన్నారు. సినిమా మొత్తంలో అంత పెద్ద నవ్వు ఇంకొకటి లేదు. హాస్యంతో బతికేవాడికి అంత నవ్వును చేజేతులా వదులుకోవడమంటే ఏమిటో తలుచుకుంటే నాకిప్పటికీ ఆశ్చర్యమే. ఆ తర్వాత ఆయన ఇంకా సినిమాలు తీశాడు. కొన్ని ఆడాయి, కొన్ని పోయాయి. నేను అన్నీ చూశాను. అన్నిటికన్నా గొప్పగా తీసింది ఏదంటే మాత్రం, ఎవరికీ నవ్వు రాని ఆ ఒక్క ఘట్టమే అంటాను. అమ్మకు ఇదంతా చెప్పాను కాబట్టి, కప్పు ఖంగుమనగానే ఆమె నా చెయ్యి నొక్కి, "తిననియ్ ఇగ, ఫికర్ లేదు," అంది.

ఆ వైపు వెళ్ళాలనుకునేవారికి ఒక్క సలహా. హోటలు, బస్సు, హాలు ఏది అడగబోయే ముందైనా షిఫ్టు ఎప్పుడు దిగుతుందో అడగండి. ఆ వేళకు బాయి గేటు ఎదురుగా ఉన్న చాయ్ బండి దగ్గర నిలబడండి. పైకొచ్చేవాళ్ళ కోసం ఇంటివాళ్ళు కొందరు అక్కడే కాచుకుని ఉంటారు, వాళ్ళకు అడ్డం నిలబడకండి.