మంగఫ్‌లో మామిడి కొత్త

నా వంట ముందు కూర్చుని తినకుండా లేచిపోయిన మనిషిని నేను క్షమించిన దాఖలా లేదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఆ ముక్కేమో రోజంతా తాలింపు ఘాటులో ఉంటుంది. అలాంటి నన్ను ఒకాయన దాదాపు రెండు వారాలు, ఒక్క పూటా తప్పకుండా, అవమానించాడు.

ఎనభై రెండో, ఎనభై మూడో సంవత్సరం. కువైట్‌లో ఎండలు ఇంకా ముదరలేదు. మంగఫ్‌లో కంపెనీ క్యాంపు మెస్సుకి నేను వంటవాణ్ణి, కోనసీమవాణ్ణి. తినేవాళ్ళు నలభై మంది, అందరూ తెలుగువాళ్ళే. నన్ను అవమానించినాయనదీ మా గోదావరి జిల్లాయే, కాకపోతే పైన ఏజెన్సీ కొండలు. కొండరెడ్ల తెగ మనిషి. వాళ్ళ కొండ మీంచి విమానం ఎక్కిన మొదటి మనిషి. వచ్చి పైపులైను పనిలో చేరాడు. ఆ చలికాలంలో ఉన్నట్టుండి మాట మానేశాడు. తర్వాత మంచం దిగడం మానేశాడు. కంపెనీవాళ్ళు ఆసుపత్రిలో చేర్పిస్తే నెలకి మాత్రల సీసాతో తిరిగొచ్చాడు.

హిందీ వచ్చు కదా అని డాక్టరు దగ్గరికి నన్ను తోడు పంపారు. డాక్టరు మంచివాడే. "రెండు వారాలు చూస్తాను. నలుగురితో కలిసి తినాలి, మాట్లాడాలి, పనికి పోవాలి. లేదంటే ఇంటికి పంపెయ్యమని రాస్తాను" అన్నాడు. ఆ కాగితంతో వెళ్తే ఖలాస్. మళ్ళీ వీసా రాదు. పైగా కువైట్ వెళ్ళి పిచ్చివాడై వచ్చాడన్న పేరొకటి కొండ మీద ఆయనకంటే ముందే ఇల్లు చేరుతుంది.

"ఇక్కడ నీవాళ్ళెవరైనా ఉన్నారా?" అని డాక్టరు చివర్లో అడిగాడు. ఆయన లేరన్నట్టు తల ఊపాడు. పక్కన నేను గుంజలా నిలబడి ఉన్నాను! నాకు ఎంత కష్టమనిపించిందో చెప్పలేను. బస్సులో ఆయన పక్కన కూర్చోకుండా వెనక సీట్లోకి పోయి కూర్చున్నాను.

ఆ కంపెనీ బస్సు నడిపేది ఒక కడపాయన. సంగతి విని "ఎట్ట పోనిస్తాం న్నా? మనమే బాగు చేసుకుందాం" అన్నాడు. అలా మా వైద్యం మొదలైంది. కడపాయన రోజూ సాయంత్రం కొండాయన మంచం మీద కూర్చుని తన పెళ్ళి కథ చెప్పేవాడు. అది మూడు రోజుల కథ, అయిపోగానే మళ్ళీ మొదటినుంచి చెప్పేవాడు. కుర్రకారు వాలీబాల్‌కి లాక్కుపోయి నెట్టు దగ్గర నిలబెడితే, బంతి ఆయన భుజానికి తగిలి అవతల పడి మా జట్టుకి పాయింటు వచ్చేది. ఆయన మాత్రం నవ్వేవాడు కాదు.

నా వైద్యం వేరు. మా వైపు మనిషి దిగులుగా ఉంటే మామిడికాయ పప్పు పెడతాం. తగ్గకపోతే ఇంకో గరిటె పెడతాం. కొండల మనిషి, మామిడి చెట్ల కింద పుట్టినవాడు, దానికే మొహం వాచిపోయి ఉంటాడని తీర్మానించుకున్నాను. అబ్బాసియాలో ఒక మలబారీ కొట్టుకి ఆ యేటి కాయలు అప్పుడే దిగాయి. ఇక చూడండి నా విజృంభణ! మామిడికాయ పప్పు, మామిడికాయ పులిహోర, మామిడికాయ పచ్చడి, రొయ్యల్లో మామిడికాయ, చివరికి చారులో కూడా మామిడికాయే. నలభై మందీ లొట్టలు వేసుకుంటూ తిన్నారు. ఆయన వచ్చేవాడు, కంచంలోకి తొంగి చూసేవాడు, ఒక ఖుబూస్ రొట్టె తీసుకుని నీళ్ళ ట్యాంకు దగ్గరికి పోయి ఒక్కడే నమిలేవాడు. పులుపు చాల్లేదేమోనని మర్నాడు ఇంకో రెండు కాయలు ఎక్కువ వేసేవాణ్ణి.

పన్నెండో రోజున నా ఓపిక చచ్చింది. గరిటె పట్టుకునే ట్యాంకు దగ్గరికి వెళ్ళాను.

"ఏటయ్యా నీ బాధ? నా వంటలో ఇసకుందా? నీకోసమే కదా ఇంత చాకిరీ చేత్తున్నాను! ఎందుకు తినవో ఇయ్యాల చెప్పాల్సిందే!"

ఆయన నావైపు చూశాడు, గరిటె వైపు చూశాడు.

"మామిడి కొత్త పండగ అవలేదు గదా అయ్యగారూ" అన్నాడు మెల్లగా. "ఊరంతా కూడి కాయ కోసి, ముందు అమ్మోరికి పెట్టాలి. అప్పటిదాకా మావోళ్ళు ఆ యేటి కాయ నోట పెట్టరు. మీరు అన్నిట్లోనూ అదే ఏత్తన్నారు."

గరిటె దించేశాను. నలుగురితో కలిసి తినమని డాక్టరు చెప్తే, తినే వీల్లేకుండా పన్నెండు రోజులు కంచానికి అడ్డం కూర్చున్నది నేనే.

"మరి ముందే చెప్పొచ్చు కదా?"

"మీరు అడగలేదండి."

వెనకే వచ్చిన కడపాయన కడుపు పట్టుకుని నవ్వుతూ నేల మీద కూలబడ్డాడు. కాసేపటికి కళ్ళు తుడుచుకుని "అయితే ఆ పండగేదో చేసుకుందాం. ఏం గావాల?" అన్నాడు.

"ఊరు కావాలి" అన్నాడాయన. "ఒక్కడే చేసుకునేది కాదు."

"మేముండాం గదప్పా ఊరు! నలభై మందిమి. సాలదా?"

ఆయన లేచి నిలబడి, వేళ్ళు మడుస్తూ, ఇన్నాళ్ళూ దాచిపెట్టుకున్న మాటలన్నీ ఒక్కసారి బయటికి తీశాడు. మట్టి దిబ్బ కావాలి, రాయి కావాలి, డప్పు కావాలి, బతికున్న కోడి కావాలి. మేమందరం ముందే కాయ తినేశాం గనక తప్పు కట్టాలి. వండి పెట్టినవాడిది పెద్ద తప్పు గనక కోడి నేనే తేవాలి, ఆ రోజు పొయ్యి ముట్టుకోకూడదు. పొయ్యి ముట్టుకోవద్దని నాకు మా అమ్మ కూడా ఎప్పుడూ చెప్పలేదు!

శుక్రవారం పొద్దున్నే కోళ్ళు అమ్మే బజారుకి ముగ్గురం బస్సులో వెళ్ళాం. తిరిగొచ్చేటప్పుడు కాళ్ళ కట్టు విప్పుకుని కోడి బస్సంతా ఎగిరింది. దాని వెనక నేను, నా వెనక ఆయన. సరిగ్గా అప్పుడే పోలీసు బస్సు ఆపాడు. మా ముగ్గురి ఇఖామాలూ, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డులు, చూశాడు. స్టీరింగ్ ఎక్కి కూర్చున్న కోడిని చూసి, నవ్వాపుకుంటూ, "దీని ఇఖామా ఏది?" అన్నాడు. కడపాయన ఏమాత్రం తడుముకోకుండా నన్ను చూపించి "కఫీల్ ఈయనే" అన్నాడు, అంటే దాన్ని ఆ దేశానికి రప్పించి పూచీ పడ్డ యజమానిని నేనని. పోలీసు యల్లా యల్లా అని చెయ్యి ఊపి పంపేశాడు. అప్పుడు విన్నాను, మా కొండాయన నవ్వు. సన్నగా మొదలై, దగ్గులోకి దిగి, మళ్ళీ లేచింది. మంగఫ్ వచ్చేదాకా ఆగలేదు.

క్యాంపు వెనక ఇసకలో దిబ్బ పోసి రాయి నిలబెట్టాడు. నూనె డబ్బా డప్పయింది. ముందుగా మా తప్పు: నలభై మందిమి, ఫోర్‌మన్‌తో సహా, చెవులు పట్టుకుని పదేసి గుంజీళ్ళు తీశాం. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని మా మధ్య తిరుగుతూ, నా లెక్క తప్పిందని నాచేత మళ్ళీ మొదటినుంచి తీయించాడు. కోడిని అమ్మోరికిచ్చి, నా వంటింట్లో, నా గిన్నెల్లో ఆయనే వండాడు. నేను గుమ్మం బయట కాలుగాలిన పిల్లిలా తిరిగాను. ఉప్పు తక్కువేసినట్టు అనిపించినా నోరు మూసుకున్నాను.

కాయ కోసి మొదటి ముక్క రాయి ముందు పెట్టాడు. రెండోది తన నోట్లో వేసుకుని పులుపుకి కళ్ళు మూసుకున్నాడు. మూడోది తెచ్చి నా చేతిలో పెట్టి "తిను బావా" అన్నాడు. పొద్దున దాకా అయ్యగారిని! నాకు ఏడుపొచ్చింది. పులుపు అని చెప్పి తప్పించుకున్నాను. ఆ తర్వాత అందరం ఒకే వరసలో కూర్చుని తిన్నాం, డబ్బా సొట్టలు పడేదాకా వాయించాం, ఎవరి ఊరి అడుగులు వాళ్ళం వేశాం.

మర్నాడు ఆయన బస్సెక్కి పనికి పోయాడు. ఆదివారం డాక్టరు దగ్గరికి వెళ్తూ దారిలో అడిగాను, మీ కొండ మీద కూడా గుంజీళ్ళు తీస్తారా అని.

"లేదు బావా. మీరు తీత్తారో లేదో చూద్దామని."

తిట్టడానికి నోరు తెరిచి, నవ్వొచ్చి మూసుకున్నాను.

డాక్టరు అన్నీ అడిగాడు. తింటున్నాడా, తింటున్నాడు. పనికి పోతున్నాడా, పోతున్నాడు. నేను హిందీలో చెప్తూ వచ్చాను. చివర్లో మళ్ళీ ఆ ప్రశ్న వచ్చింది: "ఇక్కడ నీవాళ్ళెవరైనా ఉన్నారా?"

అదే తెలుగులో ఆయన్ని అడిగాను. ఆయన నా మొహం చూడకుండా, డాక్టరు వైపే చూస్తూ చెప్పాడు.

"నలభై మంది ఉన్నారండి. అందులో ఒకడు వంట బాగానే చేత్తాడు గానీ, అడక్కుండా వడ్డిత్తాడు."

ఏమన్నాడని డాక్టరు నన్ను అడిగాడు. మొదటి సగమే హిందీలో చెప్పాను.