పదకొండు గంటల బండి

నేను మరాఠీ బడిలో ఐదో తరగతి వరకే చదివాను. తెలుగు రాయడం పెళ్లయ్యాక మా ఆయన నేర్పారు. తప్పులుంటే మన్నించండి.

రేపు మధ్యాహ్నం నా సీమంతం. ఈ రోజు పొద్దున పంతులుగారు ఫోన్ చేసి, వరోరాలో వేరే పని పడిందని, మనది తొమ్మిదికే కానిద్దామని అన్నారు. అత్తమ్మ సరే అనబోయింది. విరూర్ నుంచి మా అమ్మ వచ్చే బండి ఇక్కడికి, చంద్రపూర్‌కు, చేరేది పదకొండుకు. మా వైపు మొదటి గాజు తల్లే తొడగాలి. పెళ్లయిన రెండేళ్లలో అత్తమ్మను నేనేదీ అడగలేదు. తలుపు చాటు నుంచే అన్నాను:

"అత్తమ్మా, అమ్మ బండి పదకొండుకు గదా."

అత్తమ్మ ఫోన్‌లో గట్టిగా అన్నది: "పంతులుగారూ, ముందుగాల వరోరా పని చూసుకొనే రాండ్రి. పిల్లకు గాజులు తొడిగేది వాళ్లమ్మ, మీరు గాదు!"

తర్వాత నా పక్కన కూర్చుంది. "నా సీమంతం నాడు మా అమ్మ బస్సు దిగి వచ్చేటాళ్లకు అందరు తిని చేతులు కడుక్కున్నరు బిడ్డా. గాజులు దస్తీల మూటగట్టి నా చేతుల వెట్టి పోయింది. ఇప్పటిదాంక తొడుక్కోలే."

సందూకు తెరిచి ఆ మూట చూపించింది. ఆకుపచ్చ గాజులు, ఒక్కటీ పగలలేదు.

"గివి ఇప్పుడు నా చేతులకెక్కుతయా?" అని నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"మా అమ్మ సబ్బు రాసి ఎక్కిస్తది అత్తమ్మా" అన్నాను.

మీకు గాజులు ఎవరు తొడిగారో మీరూ రాయండి. ఇది మాత్రం చదివి ఇక్కడే మరిచిపోండి. తను ఏడ్చిందని వాడకట్టుకు తెలిస్తే అత్తమ్మ నన్ను ఊరికే వదలదు.